రూతు గిన్నెలో తమ్ముడి వాటా

చదివేవాళ్లలో డాక్టర్లెవరైనా ఉంటే ముందే ఒక మాట. ఇందులో తప్పులుంటాయి. దిద్దాలనిపిస్తే మీలో మీరు దిద్దుకోండి, నాకు మాత్రం చెప్పకండి, మూడేళ్లుగా విన్నది చాలు. నేను గరివిడిలో ఒక ప్రైవేటు స్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. కణం బొమ్మ కళ్లు మూసుకుని గీసేస్తాను. "అర్థం కాకపోతే సిగ్గుపడకుండా చెయ్యెత్తండర్రా" అని పిల్లల్ని రోజూ సతాయిస్తాను. అలాంటిదాన్ని, నా కొడుక్కి వచ్చిన జబ్బు నాకు అర్థం కాలేదు. అది తగ్గిన తీరు అంతకన్నా అర్థం కాలేదు. గండం గడిచిందని అందరూ అంటున్నారు కాబట్టి, ముందు నా బుర్ర కాస్త సర్దుకుందామని రాస్తున్నాను. ఆసుపత్రి వరండాలో ఏమీ తోచక కూర్చున్న తల్లి ఎవరైనా చదివితే, తనలాగే తికమకపడ్డ మనిషి ఇంకొకర్తి ఉందని కాస్త ఊరట పడుతుంది కదా.

ముందు ఇంట్లో వాళ్ల గురించి చెప్పాలి. మా ఆయన ప్రసాదు గరివిడి ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేస్తాడు. నాకు సొంత మేనత్త కొడుకు, అందుకే పెళ్లయి ఇన్నాళ్లయినా బావా అనే పిలుస్తాను. అత్తగారంటే మా నాన్న తోడబుట్టిన చెల్లెలే. మాది మిషను రోజుల నుంచీ బాప్టిస్టు కుటుంబం. దేవుడు మారినా మేనరికం మాత్రం మారలేదు. "సొంత రత్తం ఒగ్గీసి బయటోళ్లని తేవడమేటి?" అన్నది మా అత్త సిద్ధాంతం. మాకు ఇద్దరు పిల్లలు, పెద్దది రూతు, చిన్నవాడు శాము.

రూతుకి రొయ్యలు పడవు. మూడేళ్లప్పుడు ఒక్క ఎండురొయ్య నోట్లో వేసుకుని పెదవులు బూరెల్లా ఉబ్బి, ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక మమ్మల్ని హడలెత్తించింది. రొయ్యపొట్టు లేకుండా కూర దిగని ఇల్లు మాది. అందుకని ఆ రోజు నుంచి పొయ్యి మీద దాని కోసం వేరే ఒక చిన్న గిన్నె ఎక్కుతుంది. దాని గరిటె వేరు, మూత వేరు. చర్చిలో విందు భోజనాలప్పుడు కూర బకెట్టు దగ్గరికి వస్తుంటే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చునేది పాపం. తమ్ముడు మాత్రం ఏడాది నిండకుండానే ఎండురొయ్యలు చప్పరించేవాడు. వాడు అన్నం తినకపోతే నానమ్మ చేసే మొదటి వైద్యం అదే.

2015, వానాకాలం

శాముకి ఏడాదిన్నర. ముక్కు ఎప్పుడూ కారుతూనే ఉండేది. చెవిలో చీము. బొడ్డు ఉబ్బింది. పొట్ట ముందుకొచ్చింది. తల వయసుకు మించి పెద్దది. అది చూసి మా అత్త మురిసిపోయేది. "మా అన్న తలే! పెద్ద బుర్ర గలోడవుతాడు సూడు" అని అందరికీ చెప్పేది. నేనూ నమ్మాను. మా నాన్న తల నిజంగానే పెద్దది.

విజయనగరంలో మేం ఎక్కని ఆసుపత్రి మెట్లు లేవు. చెవి డాక్టరు చెవి చూసి పంపించాడు. బొడ్డు డాక్టరు చిన్న ఆపరేషన్ అన్నాడు. ఎవరి ముక్క వాళ్లు చూశారు, పిల్లాణ్ని మొత్తంగా ఎవరూ చూడలేదు. వాళ్లని తప్పుపట్టడం లేదు, రోజూ ఎత్తుకుని తిరిగిన నేను మాత్రం ఏం చూశాను? వాడు వేళ్లు పూర్తిగా చాచలేకపోతున్నాడని నాకు తట్టనే లేదు.

విశాఖపట్నంలో ఒక కుర్ర డాక్టరు వాడి అరచేతిని తన చేతిలో పెట్టుకుని చాలాసేపు వేళ్లు సాగదీసి చూశాడు. తర్వాత తలెత్తి, "మీరిద్దరూ బంధువులా?" అన్నాడు.

"మేనత్త కొడుకునే సార్. సొంతం" అన్నాడు బావ గర్వంగా.

డాక్టరు ఏదో రక్తపరీక్ష రాసిచ్చాడు. బయటికొచ్చాక బావ "బందువులమయితే ఏటట? ఆడికెందుకట?" అని విసుక్కున్నాడు.

జబ్బు పేరు రాయను, రాసినా పలకలేరు. నాకు అర్థమైనంత వరకు చెబుతాను. మన ఒంట్లో రోజూ కొంత చెత్త తయారవుతుంది. దాన్ని కరిగించే రసాలు మనమే తయారుచేసుకుంటాం. వీడి ఒంట్లో ఒక రసం పుట్టుకతోనే లేదు. ఊడ్చేవాళ్లు రాని వీధిలాగా చెత్త ఎక్కడికక్కడ పేరుకుంటోంది. కాలేయంలో, ఎముకల్లో, కంట్లో, చివరికి మెదడులో. వదిలేస్తే బడికి వెళ్లే వయసు దాటి ఎక్కువకాలం ఉండడని చెప్పారు. అమ్మ దగ్గర ఒక చెడ్డ జన్యువు, నాన్న దగ్గర అదే చెడ్డ జన్యువు, రెండూ కలిసి వీడి దగ్గర చేరాయి. ఇదే పాఠం నేను పదో తరగతికి బఠానీ మొక్కల మీద చెబుతాను.

ఇంటికొచ్చాక మా అత్త వంట మానేసి కూర్చుంది. "ఈ రోగం ఏ వైపు నుంచి ఒచ్చినాదే? మాకాడెవుళికీ నేదు" అంది.

"ఏ వైపేటత్తా? మనకి ఉన్నదే ఒక వైపు!" అని అరిచాను.



2016, తమిళనాడు ఆసుపత్రి

తమిళనాడు ఆసుపత్రిలో ఒక దారి ఉందన్నారు. వేరే మనిషి ఎముక మజ్జలోంచి రక్తపు మూలకణాలు తీసి శాముకి ఎక్కిస్తే, అవి వాడి ఎముకల్లో కాపురం పెట్టి, కొత్త రక్తాన్నీ, దాంతోపాటు ఆ లేని రసాన్నీ తయారుచేస్తాయట. మెదడు చెడకముందే జరగాలి. నిలబడతాయన్న భరోసా లేదు. ఎవరివి పడితే వాళ్లవి సరిపోవు. నాది కుదరలేదు, బావది కుదరలేదు. కుదిరింది రూతుది.

డబ్బు సంగతి రాయను, అదొక వేరే కథ. అక్కడి డాక్టరమ్మ నెల్లూరు వైపు మనిషి, మన తెలుగే. ఓపిక గల మనిషి. ఆమె ముందు నేను నిజంగానే చెయ్యెత్తి అడిగేదాన్ని. మొదటిరోజు నవ్వింది, తర్వాత అలవాటైపోయి, "చెప్పండి టీచరమ్మా" అనేది.

"పాపకి ఏమైనా జబ్బులున్నాయా? ఉబ్బసం, ఫిట్స్, ఇంకేమైనా?" అని అడిగింది.

"ఏటీ నేవు. ఇనప గుండు నాగుంటాది" అంది మా అత్త. బావ తలూపాడు. నేనూ ఊపాను. రొయ్యలు పడకపోవడాన్ని మా వైపు జబ్బు అని ఎవరంటారు? ఒకరికి వంకాయ పడదు, ఒకరికి గోంగూర పడదు. అది మా ముగ్గురిలో ఒక్కరి నోటికీ రాలేదు.

రూతుకి అప్పుడు ఎనిమిదేళ్లు. డాక్టరమ్మ దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, "తమ్ముడికి నీ రక్తం కొంచెం ఇస్తావా?" అని అడిగింది.

అది బాగా ఆలోచించి, "మళ్లీ ఇచ్చేస్తాడా?" అంది.

"ఇవ్వడమ్మా. వాడి దగ్గరే ఉండిపోతుంది."

"అలాగయితే సరే. ఆడు నా పెన్సిళ్లు కూడా ఇవ్వడు" అంది.

అది నడుము ఎముకలోంచి మజ్జ తీయించుకుని, నొప్పితో కుంటుతూ బయటికొచ్చిన రోజునే శాముకి ఎక్కించారు. ఎర్రటి చిన్న సంచీ. అంత హడావుడికీ ఇంతేనా అనిపించింది. అంతకుముందే మందులతో వాడి సొంత మజ్జని తుడిచేశారు కాబట్టి, ఇవి నిలబడకపోతే వాడికి ఇంకేమీ మిగలదని నాకు తెలుసు. జుట్టు రాలింది. నోరంతా పుండ్లు. వాడు "నానమ్మా, రొయ్యా" అని ఏడ్చేవాడు. ఉడకబెట్టిన నీళ్లు, ఉడకబెట్టిన అన్నం తప్ప ఏదీ పెట్టకూడదు.

వరండాలో నరసన్నపేట నుంచి వచ్చిన పార్వతమ్మగారు పరిచయమయ్యారు. కిరాణా కొట్టు షావుకార్ల కుటుంబం, మనవరాలికి ఏదో రక్తం జబ్బు. పక్క లాడ్జిలో గది తీసుకుని కుక్కర్లో పప్పుచారు కాచేవారు. "ఇటు రాయే పిల్లా, కూకో, తలేటి అలగుంది?" అని రూతుకి జడ వేసి, అన్నం పెట్టి పంపేవారు. మాంసం, చేప ముట్టని ఇల్లు. రెండో రోజే రూతు వచ్చి, "అమ్మా, ఆళ్ల దగ్గర నాకు వేరే గిన్నె అక్కర్లేదు. అందరం ఒక దాంట్లోదే తింతన్నాం" అని ఎంతో సంబరంగా చెప్పింది. అంత బాధలోనూ నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. ఆ పార్వతమ్మగారికి నేను సరిగా కృతజ్ఞత కూడా చెప్పలేకపోయాను. ఆవిడ మనవరాలు బాగుందని ఈ మధ్యే ఫోన్లో తెలిసింది.

ఆ నెలల్లో బావా నేనూ పోట్లాడుకున్నన్ని సార్లు పెళ్లయ్యాక ఎప్పుడూ పోట్లాడుకోలేదు. అతను గంటలు గంటలు మోకాళ్ల మీద ఉండేవాడు. నేను ప్రార్థన చేయలేకపోయాను. కళ్లు మూసుకుంటే మాటలు వచ్చేవి కావు.

"నువ్వు నమ్మటం నేదు, అదే నీ రోగం" అన్నాడొకరోజు.

"నా రోగం, నీ రోగం ఒకటే బావా. అదే కదా వాడికొచ్చింది" అన్నాను.

అతను ముఖం తిప్పేసుకున్నాడు. కాసేపయ్యాక బయటికెళ్లి రెండు టీలు తెచ్చి, ఒకటి నా పక్కన పెట్టి కూర్చున్నాడు.

కణాలు పట్టుకున్నట్లే ఉన్నాయి అన్నారు. "పట్టుకున్నట్లే" అంటే ఏమిటో నేను చెయ్యెత్తి అడిగాను. ఇంకా చూడాలి అన్నారు. ఇంటికి పంపేముందు డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. "దద్దుర్లు వచ్చినా, విరేచనాలు పట్టుకున్నా ఒక్క పూట కూడా ఆగొద్దు. అక్క కణాలు తమ్ముడి ఒంటిని పరాయిదనుకుని తిరగబడితే ముందు చర్మం మీదే కనిపిస్తుంది." ఆ మాట నా బుర్రలో మేకులా దిగిపోయింది. ఊరికొచ్చాక కూడా రోజూ వాడి చొక్కా విప్పి వీపు చూసేదాన్ని.

2017, కృతజ్ఞతా కూటం

ఇంటి వంట ఏదైనా పెట్టొచ్చని డాక్టరమ్మ ఒప్పుకున్న తర్వాత మా అత్త ఇంట్లో కృతజ్ఞతా కూటం పెట్టించింది. మా చర్చి అయ్యగారు వచ్చి వాక్యం చెప్పారు. పాటలయ్యాయి. వచ్చినవాళ్లకి కోడికూర, అన్నం. మనవడికి మాత్రం నానమ్మ మొక్కు ప్రత్యేకం. ఆసుపత్రిలో వాడు ఏడ్చిన ఏడుపు ఆమె మరిచిపోలేదు. వంకాయ, ఎండురొయ్యలు వేసి కూర వండింది. రూతు గిన్నె మామూలుగానే పక్క పొయ్యి మీద ఉంది.

"తినరా నా తండ్రి, తిను. ఎన్నాళ్లయిపోయినాది!" అంటూ తన చేత్తోనే ముద్దలు పెట్టింది. వాడు లొట్టలేసుకుంటూ తిన్నాడు. బావ కళ్లు తుడుచుకున్నాడు.

నేను పళ్లేలు తీస్తున్నాను. "ఓలమ్మో!" అన్న కేక వినబడింది. పరుగెత్తాను. శాము పెదవులు ఉబ్బిపోతున్నాయి. మెడ మీద ఎర్రగా బిళ్లలు లేచాయి. చొక్కా ఎత్తితే పొట్టంతా దద్దుర్లు. వాడు గోక్కుంటూ ఏడుస్తున్నాడు.

ఇన్నాళ్లు రోజూ వెతికిన దద్దుర్లు అవి. అక్క కణాలు తిరగబడ్డాయి అనుకున్నాను. నిలబడ్డవి కాస్తా తిరగబడ్డాయి.

"ఏటైనాదే? నానేటి సేసేను? రొయ్యలాడికి కొత్తేటి!" అని మా అత్త గుండెలు బాదుకుంది. దిష్టి అని ఒకరు, విశ్వాసం తక్కువని ఒకరు. అయ్యగారే "ముందు బండి తియ్యండమ్మా, బేగి!" అని అందర్నీ తోసుకుంటూ తన స్కూటరు అడ్డం తీశారు. ఆటోలో విజయనగరం వెళ్లాం. ఇంజక్షన్ చేశారు. వాపు తగ్గింది. తగ్గితే తిరుగుబాటు కాదా, తగ్గినా అదేనా? అక్కడి డాక్టరుకి తెలియదు. తెలియదని చెప్పినందుకు ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవమే. తమిళనాడుకి ఫోన్ చేస్తే, "పిల్లల్ని ఇద్దర్నీ తీసుకుని రండి" అన్నారు.

ఇంటికొస్తే రూతు గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. అన్నం తినలేదు.

"అమ్మా, నా రక్తం సెడ్డదా?"

నాకే తెలియదు. అది నా ముఖం చూసి లోపలికెళ్లిపోయింది. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా కష్టంగా గడిచింది అదే.

మళ్లీ రైలు, మళ్లీ అదే వరండా, అదే బల్ల. ఇద్దరి చేతుల్లోంచీ రక్తం తీశారు. ఒంట్లో ఎవరి కణాలున్నాయో చూసే పరీక్ష, ఫలితం వచ్చేవరకు ఉండమన్నారు. ఉన్నాం. రూతు బల్ల చివర విడిగా కూర్చునేది. తమ్ముడు దగ్గరికొస్తే కాస్త జరిగేది.

చివరికి పిలిచారు. డాక్టరమ్మ బల్ల మీద కాగితాలు పక్కకి నెట్టి, "అసలు ఆ రోజు ఏం జరిగిందో మీరు మళ్లీ చెప్పండి" అంది. చెప్పాను. పెదవులు ముందు ఉబ్బాయి, తర్వాత మెడ, తర్వాత పొట్ట. "అచ్చం మా పెద్దదానికి రొయ్యలు తింటే వచ్చినట్లే మేడమ్" అన్నాను.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "ఏమన్నారు? పాపకి రొయ్యల అలర్జీ ఉందా?"

"అలర్జీ ఏటి మేడమ్, పడవంతే" అన్నాడు బావ.

"మరి నేను జబ్బులున్నాయా అని అడిగానే!"

"అది జబ్బేటి?"

ఆమె తల పట్టుకుంది. తర్వాత నవ్వేసింది. నాకు ఒళ్లు మండిపోయింది, మా ప్రాణాలు పోతుంటే ఈవిడకి నవ్వేమిటని. అప్పుడు చెప్పింది. శాము రక్తంలో ఉన్నవన్నీ అక్క కణాలేనట. గట్టిగా నిలబడ్డాయి. ఆ లేని రసం తయారవుతోంది. తిరుగుబాటు కాదు. ఒంటికి ఏది పడుతుందో, ఏది పడదో గుర్తుపెట్టుకునే పని కూడా ఆ మూలకణాల నుంచి పుట్టిన కణాలదేనట. రూతు ఒంటికి రొయ్యంటే శత్రువు. ఆ శత్రుత్వం రక్తంతోపాటు తమ్ముడికి వెళ్లి ఉండొచ్చు.

నేను చెయ్యెత్తాను. "ఉండొచ్చా, వెళ్లిందా?"

"ఉండొచ్చు. ఇలా జరిగినవాళ్లు ఉన్నారు, తక్కువ మంది. వాడుతున్న మందుల వల్ల కొత్తగా అలర్జీలు రావడమూ ఉంది. కచ్చితంగా ఇదే అని నేను చెప్పలేను టీచరమ్మా. ఇంకా నేర్చుకుంటున్నాం. మీరు ఒప్పుకుంటే ఇద్దరి రక్తం కొంచెం పరిశోధనకు ఉంచుకుంటాం."

"ముందే చెప్పి ఉంటే?"

"అయినా ఈ పాప రక్తమే తీసుకునేవాళ్లం. రొయ్యలు పెట్టొద్దని చెప్పేవాళ్లం, అంతే. ఇకమీదట మాత్రం పెట్టొద్దు. మళ్లీ వస్తుందేమో, ఇంజక్షన్ దగ్గర ఉంచుకోండి."

రూతు అప్పుడు లేచి నిలబడింది. "అయితే నా రక్తం సెడ్డది కాదా?"

డాక్టరమ్మ దాన్ని దగ్గరికి లాక్కుంది. "చాలా మంచిదమ్మా. కాకపోతే నీలాగే మొండిది. ఎక్కడికెళ్లినా తన అలవాట్లు మానుకోలేదు."

రూతు ఏడ్చింది. కూటం రోజు నుంచి దాచుకున్నదంతా ఏడ్చింది. నేనూ ఆపుకోలేదు. బావ అక్కడే, ఆ గదిలోనే మోకరించాడు. ఈసారి నేనూ అతని పక్కన మోకరించాను. నోట్లోంచి మాటలొచ్చాయో లేదో గుర్తులేదు.

2018, ఇప్పుడు

నాకు ఇంకా అన్నీ అర్థమయ్యాయని అనుకోకండి. వాడి వేళ్లు పూర్తిగా చాచుకోవు. కళ్లు కాస్త మసక. నడుముకి ఆపరేషన్ కావాలేమో అంటున్నారు. మజ్జ మార్చినా ఎముకలు అంత త్వరగా మాట వినవట. కానీ మాటలు వస్తున్నాయి, అంకెలు వస్తున్నాయి, అబద్ధాలు కూడా వస్తున్నాయి. రసం వాడిది కాదు, రక్తం వాడిది కాదు, అలర్జీ కూడా వాడిది కాదు. మరి వాడిదేమిటని ఒక్కోసారి కూర్చుని ఆలోచిస్తాను. ఇంతలో వాడు ఏదో పగలగొడతాడు, లేచి వెళ్లి తిడతాను.

మేనరికాలు చేసుకోబోయేవాళ్లకి సలహా చెప్పేంత దాన్ని కాను. ఒక్కటి మాత్రం చెబుతాను. డాక్టరు ఏదైనా అడిగితే, అది జబ్బా కాదా అని మీరు తీర్పు చెప్పకండి. పడని కూరగాయ పేరు కూడా చెప్పేయండి.

మా ఇంట్లో గిన్నెలు మారాయి. ఇప్పుడు పెద్ద గిన్నెలో పిల్లలకి, మాకు. ఆ చిన్న గిన్నె మా అత్తది. ఎప్పుడైనా మనసు పీకితే నాలుగు ఎండురొయ్యలు పెరట్లో వేరే పొయ్యి మీద వేసుకుని, అక్కడే తిని, గిన్నె తోమి, చేతులు కడుక్కుని మరీ లోపలికొస్తుంది.

మొన్న చర్చిలో పెళ్లి భోజనం. పిల్లలిద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. నేను ఇంటి నుంచి తెచ్చిన పప్పు వాళ్ల కంచాల్లో ఉంది. గోంగూర రొయ్యల బకెట్టు వరుసలోకి వచ్చింది. రూతు ఎప్పటిలాగే తన కంచం మీద చెయ్యి పెట్టింది. రెండో చెయ్యి చాచి తమ్ముడి కంచం మీద కూడా పెట్టింది.

శాముకి కోపం వచ్చింది. వాడికి వాసన తెలుసు, రుచీ గుర్తుంది. "సెయ్యి తియ్యప్పా! నాకు పప్పొద్దు, రొయ్య కావాల!" అని అక్క మీద అరుస్తూ కాళ్లు తన్నాడు. వరుసంతా ఇటే చూస్తోంది. బకెట్టు మనిషి గరిటె పట్టుకుని ఆగిపోయాడు.

రూతు చెయ్యి తియ్యలేదు. "ఒరే, నా రక్తం ఎక్కించుకున్నప్పుడు లేని గోల, నా పప్పు తినడానికేటిరా నీకు? తిను!" అంది.

బకెట్టు ముందుకెళ్లిపోయింది. వాడు వంకర వేళ్లతో ముద్ద కలుపుకుని తిన్నాడు.